మంచు మీద రెండు కర్రలు

ఉత్తర ధ్రువానికి దగ్గరి ఆ చిన్న ఊళ్ళో, బుధవారం ఉదయం 11:31కి పోలీస్ స్టేషన్‌లో ఫోన్ మోగింది.

"సరస్సు మీద మనిషి పడి ఉన్నాడు. స్నోమొబైల్ తిరగబడింది. ప్రాణం లేదు."

"ఎవరు మాట్లాడేది?"

"లెమెత్‌ని. సఫారీ గైడ్‌ని. టూరిస్టుల్ని రెయిన్‌డీర్ ఫారానికి తీసుకెళ్తున్నా. చనిపోయింది మా మావయ్య. నిల్లాస్ మావయ్య."

సీనియర్ కానిస్టేబుల్ సమ్మోల్ టైము రాసుకున్నాడు. తర్వాత పెన్ను కింద పెట్టాడు. నిల్లాస్‌ని అతను నలభై ఏళ్ళుగా ఎరుగును. నిల్లాస్ భార్య రిస్తిన్ పోయినప్పుడు శవపేటికకు ఒక పక్క భుజం పట్టింది సమ్మోలే. అంతకు మూడేళ్ళ ముందు సమ్మోల్ భార్యకు నిల్లాస్ పట్టాడు. ఇద్దరి మధ్యా ఆ విషయం ఎప్పుడూ మాటల్లోకి రాలేదు.

పట్నం నుంచి ఇన్‌స్పెక్టర్ రౌతియో వచ్చేసరికి ఒంటిగంట అయింది. సమ్మోల్ అతన్ని మంచు మీద నడిచే తన స్నోమొబైల్ వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. మైనస్ ముప్ఫై ఒక్క డిగ్రీల చలి. 1:40కి గడ్డకట్టిన సరస్సు పాయలోకి దిగారు.

సమ్మోల్ ఇంజిన్ ఆపాడు. వెనక కట్టి ఉన్న రెండు బర్చ్ చెట్టు కర్రలు తీశాడు. యంత్రం వెనక భాగం ఎత్తి, చక్రాల బదులు ఉండే ట్రాక్ పట్టా కిందకి వాటిని తోశాడు.

"ఏంటవి, పొయ్యి వెలిగిస్తారా?" అన్నాడు రౌతియో.

"అలవాటు సార్."

శవం తిరగబడిన స్నోమొబైల్ పక్కన ఉంది. కుడి కాలు తుంటి దగ్గర తేడాగా వంగింది. కుడి చేతికి గ్లవ్ లేదు. యంత్రం వెనక సామాన్ల పెట్టె మూత తెరిచి ఉంది. దూరంగా నలుగురు టూరిస్టులు హెల్మెట్లు చేత్తో పట్టుకుని బడిపిల్లల్లా వరసగా నిలబడ్డారు. వాళ్ళ ముందు లెమెత్. ముప్ఫై రెండేళ్ళ మనిషి. రిస్తిన్ అన్న కొడుకు.

"స్పీడుగా వచ్చాడు. తిరగబడ్డాడు. తుంటి విరిగింది. చలికి పోయాడు," అన్నాడు రౌతియో. "వయసెంత?"

"డెబ్బై ఒకటి."

"ఆ వయసులో ఇంట్లో కూర్చోవాలి."

రౌతియో యంత్రం చుట్టూ తిరిగాడు. మంచు పొర కింద ఏదో బూటుకు తగిలింది. రెండు కర్రలు. చిరాగ్గా కాలితో తోశాడు. కదల్లేదు. గడ్డకట్టి పట్టేసి ఉన్నాయి. దాటుకుని వెళ్ళిపోయాడు.

సమ్మోల్ వంగి చేత్తో మంచు ఊడ్చాడు. కర్రల బెరడు మీద అడ్డంగా గీతలు నొక్కుకుపోయి ఉన్నాయి. ఫొటో తీశాడు. లేచి శవం దగ్గరకు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

కోటు గుండీలు విప్పాడు. ఉన్ని చొక్కా విప్పాడు. లోపల ఒంటికి ఆనించి ఎర్ర రుమాలు మూట ఉంది. గుండె పక్కన.

రౌతియో వంగి చూశాడు. "ఏంటిది?"

"చెవులు. రెయిన్‌డీర్‌వి."

లెమెత్ రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయాడు. సమ్మోల్ అది చూశాడు.

*

మందల సంఘానికి పెద్ద ఇస్కా అనే ముసలాయన. స్టేషన్‌లో కళ్ళజోడు తీసేసి ఆ చెవుల్ని వేళ్ళతో తడిమాడు. ఇక్కడ ప్రతి మందకూ ఒక గుర్తు ఉంటుంది. పుట్టిన పిల్ల చెవిని కత్తితో కోసి ఆ గుర్తు పెడతారు. ఇస్కాకి ఆరు వందల గుర్తులు నోటికొచ్చు.

"కుడి చెవి కొస తీసేశారు. వెనక రెండు గాట్లు. ఎడమది ఆకులా చీల్చారు," అన్నాడు. చెవుల్ని బల్ల మీద పెట్టేశాడు. "ఇది నిల్లాస్ గుర్తు కాదు."

"మరెవరిది?"

"రిజిస్టర్ ప్రకారం లెమెత్‌ది."

రౌతియో ముఖం వెలిగింది. "అంటే దొంగతనం. మేనల్లుడి జంతువుని చంపాడు. గుర్తు తెలియకుండా చెవులు కోశాడు. మాంసం ఎక్కడో దాచాడు. పారిపోతూ తిరగబడ్డాడు."

మూల కుర్చీలో లెమెత్ తల వంచుకుని కూర్చున్నాడు.

"పోనివ్వండి సార్," అన్నాడు మెల్లగా. "పోయినవాణ్ణి ఇప్పుడు దొంగ అనడం దేనికి? నాకేం కంప్లయింట్ లేదు."

"నీది పెద్ద మనసు బాబూ," అన్నాడు ఇస్కా. లేచి టోపీ పెట్టుకున్నాడు. "కానీ సంఘానికి రూలుంది. దొంగ గుర్తు రిజిస్టర్‌లో ఉండదు. కొట్టేస్తాం. శుక్రవారం మూడింటికి మీటింగు."

గుర్తు కొట్టేస్తే మంద ఉండదు. మంద లేకపోతే నిల్లాస్ కూతురు ఎల్లెకి ఆ నేల మీద నిలబడే హక్కు లేదు. తాత నిలబెట్టిన పేరు, తండ్రి నిలబెట్టిన పేరు, ఒక్క కలం గీతతో పోతుంది.

సమ్మోల్ ఆ చెవుల్ని తిరిగి రుమాల్లో చుట్టాడు.

*

గురువారం ఉదయం 9:15. నిల్లాస్ ఇల్లు.

ఎల్లె రెండు రోజులుగా దక్షిణాన దూరంగా ఉన్న పెద్ద నగరంలో ఉంది. కళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళింది. కబురు అందగానే రాత్రంతా బండి నడుపుకుంటూ వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళది. కన్నీళ్ళు లేవు. కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టింది. అక్కడి అలవాటు ప్రకారం కప్పులో జున్ను ముక్కలు వేసి మీద కాఫీ పోసింది.

"రా బాబాయ్. కూర్చో. పట్నం సారు కూడా కూర్చోవచ్చు, కాళ్ళు విరగవు."

రౌతియో కూర్చుని పుస్తకం తీశాడు. "మీకు రెయిన్‌డీర్లు ఎన్ని ఉన్నాయి?"

ఎల్లె కాఫీ గిన్నె వైపు తిరిగింది.

"అది అడక్కూడదు సార్," అన్నాడు సమ్మోల్.

"ఎందుకు?"

"బ్యాంకులో డబ్బెంత ఉందని ఎవరైనా ఇంటికొచ్చి అడుగుతారా సార్?" అన్నాడు సమ్మోల్.

కిటికీ గూట్లో నిల్లాస్ ఫోన్ ఉంది. సమ్మోల్ తీసి చూశాడు. మంగళవారం సాయంత్రం రెండు మిస్డ్ కాల్స్. 6:05. 7:20. రెండూ ఎల్లె నుంచే.

"ఆయన ఫోను ఎప్పుడూ ఇక్కడే వదిలేసి పోతాడు," అంది ఎల్లె. "ఎత్తకపోతే మందలో ఉన్నాడనుకున్నా. తిట్టుకుని పడుకున్నా."

సమ్మోల్ ఫోన్ ఉన్నచోటే పెట్టాడు. "ఆ చెవుల గుర్తు లెమెత్‌దంటున్నారు."

"అది అమ్మ గుర్తు బాబాయ్! అమ్మ పుట్టింటిది. అమ్మ పోయాక పుట్టింటికే వెళ్ళాలి కదా, మూడేళ్ళ కిందట లెమెత్ పేర రాశారు. కొత్త పిల్లలకి వాడు ఆ గుర్తు పెట్టుకుంటున్నాడు. అమ్మ చేత్తో కోసిన పాతవి మాత్రం నాన్న దగ్గరే ఉండిపోయాయి. ఒక్కొక్కటే పోయాయి. చివరికి నాన్న ముసలోడని పిలిచేది ఒక్కటే మిగిలింది."

"గంట కట్టుకుని ముందు నడుస్తుందే, అదా?"

"అదే. నాన్న దానితో మాట్లాడేవాడు. నాతో కంటే ఎక్కువ." ఆమె గిన్నె దించింది. "పొద్దున లెక్క చూశా. అది లేదు."

"కానీ రిజిస్టర్‌లో గుర్తు లెమెత్‌ది," అన్నాడు రౌతియో. "ఈ చెవి ఎప్పుడు కోశారో చెవి మీద తేదీ వేసి ఉండదు కదమ్మా."

ఎల్లె సమ్మోల్ వైపు తిరిగింది.

"బాబాయ్, మంద పోతే పోనీ. కానీ మా నాన్నని దొంగ అని పాతిపెట్టలేను. నావల్ల కాదు."

సమ్మోల్ కాఫీ అడుగున మెత్తబడ్డ జున్ను చెంచాతో తీసి తిన్నాడు. లేచాడు.

*

టూరిస్టుల్లో ఒకాయన పేరు బ్రామ్. హాలండ్‌లో రైల్వే గార్డుగా రిటైరయ్యాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఏ పని జరిగినా టైము రాసుకుంటాడు.

"బుధవారం మీరు పాయలోంచి ఎందుకు వచ్చారు? దారి ఒడ్డమ్మట కదా?" అడిగాడు సమ్మోల్.

"మాకు దారేం తెలుసు? ఆయన ఎటు పోతే అటు."

"మీరు అడిగారట, దగ్గర దారిన తీసుకెళ్ళమని."

"మేమా? మాకు ఎంత దూరమైతే అంత సంతోషం."

"పాయ మొదట్లో ఏమైనా చూశారా?"

"రెండు కొమ్మలు. అడ్డంగా కట్టినవి. విరిగి పక్కన పడున్నాయి."

అడ్డంగా కట్టిన కొమ్మలంటే దారి మూసేశామని. మార్చిలో ఆడవన్నీ చూలుతో ఉంటాయి. ఆ పాయ ఒడ్డున మేస్తాయి. యంత్రాల మోతకి బెదిరి పరిగెడితే కడుపులు పోతాయి. ఆ కొమ్మలు దాటినవాడికి సంఘం మళ్ళీ ఆ నేల మీద బండి తోలే అనుమతి ఇవ్వదు.

"తర్వాత?"

బ్రామ్ పుస్తకం తిప్పాడు. "11:10. ఆపాడు. ఇక్కడే ఉండండి, ముందు మంచు గట్టిగా ఉందో లేదో చూసొస్తా అన్నాడు. ఒక్కడే వెళ్ళాడు. 11:31. ఫోన్‌లో అరవడం వినిపించింది."

ఇరవై ఒక్క నిమిషాలు.

"మంచు చూడ్డానికి అంతసేపు పడుతుందా అండీ?" అన్నాడు బ్రామ్.

"పట్టదు."

సఫారీ ఆఫీసు యజమాని మేరీట అనే ఆవిడ. వేడి పెట్టిన గ్యారేజీలో స్నోమొబైళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. నేల పొడిగా ఉంది.

"మంగళవారం లెమెత్ ట్రిప్పుకి వెళ్ళాడా?"

"వెళ్ళాడు. పొద్దున పదింటికి. ఫారంలో కాఫీ తాగించి, 2:30కి రావాలి. 1:50కే వచ్చేశాడు. టూరిస్టులు గోల, డబ్బులిచ్చింది ఇంతసేపటికేనా అని."

"తర్వాత?"

"2:20కి మళ్ళీ ఒక్కడే బండి తీశాడు. సామాన్ల స్లెడ్ తగిలించుకుని. విడిది గుడిసెలో కట్టెలు వేసొస్తా అన్నాడు. వచ్చేసరికి 4:40."

సమ్మోల్ పెరట్లోకి వెళ్ళాడు. బండి వెనక మంచు మీద లాగే సామాన్ల స్లెడ్లు ఆరు ఉన్నాయి. అయిదింటి మీద పొడి మంచు. ఆరోదాని మీద గాజులా మెరిసే మంచుగడ్డ.

"దీన్ని నీళ్ళతో కడిగింది ఎవరు?"

"ఇంకెవరు, లెమెత్. నేనూ తిట్టాను. ఈ చలిలో మతి ఉన్నవాడెవడైనా నీళ్ళు పోస్తాడా అని!"

సాయంత్రం 5:10కి డాక్టరు ఫోన్ చేశాడు. తుంటి విరిగింది మంగళవారం మధ్యాహ్నం. ప్రాణం పోయింది రాత్రి ఏడూ ఎనిమిదీ మధ్య. ఒంటి మీద యంత్రం పడిన గుర్తు ఎక్కడా లేదు. మోచేతుల దగ్గర కోటు బాగా అరిగింది. పాకి ఉంటాడు.

సమ్మోల్ ఇంటికెళ్ళాడు. గుమ్మం పక్కన భార్య బూట్లు ఆరేళ్ళుగా అక్కడే ఉన్నాయి. వాటి పక్కన తనవి విప్పాడు. దీపం వేయలేదు. చేతిలో ఎర్ర రుమాలు మూట ఉంది.

*

శుక్రవారం. సమ్మోల్ అందర్నీ ఒంటిగంటకు ఎల్లె ఇంటికి రమ్మన్నాడు.

లెమెత్ 12:55కి వచ్చాడు. సఫారీ స్నోమొబైల్ గుమ్మం ముందు ఆపి తిన్నగా లోపలికి నడిచాడు. సమ్మోల్ కిటికీలోంచి చూశాడు. గడియారం చూసుకున్నాడు.

"ఎల్లె, అందరికీ కాఫీ పొయ్యమ్మా. తొందరేం లేదు."

ఒంటిగంటన్నర దాకా ఎవరూ పని మాట ఎత్తలేదు. ఇస్కా తన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పాడు. రౌతియో వాచీ చూసుకున్నాడు.

"సమ్మోల్ గారూ, కాఫీ తాగడానికి పిలిచారా మమ్మల్ని?"

"చెప్తాను సార్." సమ్మోల్ రుమాలు విప్పి చెవుల్ని బల్ల మీద పరిచాడు. "ఇస్కా మావా. మొన్న గుర్తు చూశావు. చెవి చూశావా?"

"అదేం మాటరా?"

"కళ్ళజోడు పెట్టుకుని చూడు. గాట్ల అంచులు చూడు."

ఇస్కా కళ్ళజోడు పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. ముఖం మారింది.

"అంచు మీద వెంట్రుక మొలిచి తెల్లబడింది," అన్నాడు. "కొస అరిగిపోయింది. ఇది పదేళ్ళు దాటిన జంతువు. పద్నాలుగుంటాయి."

"లెమెత్, ఈ గుర్తు నీ పేరుకి వచ్చి ఎన్నేళ్ళు?"

"మూడు," అన్నాడు లెమెత్.

"గుర్తు వచ్చి మూడేళ్ళయినవాడు పద్నాలుగేళ్ళ కిందటి చెవి కోశాడా?" సమ్మోల్ రౌతియో వైపు తిరిగాడు. "తేదీ ఉండదన్నారు. ఉంది సార్. ఇవి రిస్తిన్ కోసిన చెవులు. ఆవిడ గుర్తుతో బతికి ఉన్న ఆఖరి జంతువు. దొంగ చెవులు కోస్తే మంచులో పూడుస్తాడు. సాక్ష్యం కావాలనుకున్నవాడు దాచుకుంటాడు. నిల్లాస్ దాచుకున్నాడు."

ఇస్కా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎల్లె పొయ్యి దగ్గర కదలకుండా నిలబడింది.

"దేనికి సాక్ష్యం?" అన్నాడు రౌతియో.

"మంగళవారం టూరిస్టుల్ని అడిగాను. 12:50కి లెమెత్ వాళ్ళని తీసుకుని ఫారం నుంచి బయల్దేరాడు. ఒడ్డు దారిన వెళ్తే 2:30 అవుతుంది. 1:50కే చేరాడు. కొమ్మలు తొక్కుకుని పాయలోంచి పోయాడు. ముందు బండి అతనిది. గంట కట్టిన ముసలోడు అడ్డం వచ్చింది. గుద్దేశాడు. వెనకవాళ్ళకి మంచు దుమ్ములో ఏమీ కనపళ్ళేదు."

"చూసినట్టు చెప్తున్నావే బాబాయ్," అన్నాడు లెమెత్. నవ్వబోయాడు. "సరే, గుద్దాననే అనుకో. రిజిస్టర్‌లో అది నాదే కదా. నా జంతువుని నేను గుద్దితే నేరమా?"

"కాదు. అందుకే ఆ సంగతి వదిలేద్దాం. నీ మావయ్య స్నోమొబైల్ ఎలా తిరగబడింది?"

"స్పీడుగా పోయి ఉంటాడు."

"పోతూ పోతూ తిరగబడిందా?"

"ఆఁ."

సమ్మోల్ మూల నుంచి రెండు బర్చ్ కర్రలు తెచ్చి చెవుల పక్కన పెట్టాడు. ఎల్లె వాటిని గుర్తుపట్టింది. తండ్రి చేత్తో చెక్కినవి.

"యంత్రం పక్కన మంచులో పట్టేసి ఉన్నాయి," అన్నాడు సమ్మోల్. "సార్, మీరు కాలితో తన్నారు. సరస్సు మీద చెట్లు మొలవ్వు. వీటిని ఎవరో మోసుకొచ్చారు. బెరడు మీద గీతలు చూడండి. ట్రాక్ బరువు వీటి మీద కూర్చుంది. నిల్లాస్ యంత్రం ఆపాడు. కర్రలు పెట్టాడు. నిదానంగా దిగాడు. కర్రల మీద నిలబెట్టిన బండి పరిగెడుతూ ఎలా తిరగబడుతుంది?"

సమ్మోల్ లెమెత్ వైపు తిరిగాడు.

"బుధవారం 11:10 నుంచి 11:31 దాకా. ఇరవై ఒక్క నిమిషాలు నువ్వొక్కడివే ఉన్నావు. సామాన్ల పెట్టె వెతికావు, చెవుల కోసం. దొరకలేదు. చచ్చినవాడి చొక్కా విప్పడానికి నీకు చెయ్యి రాలేదు. బండిని పక్కకి తోశావు. కర్రల సంగతి నీకు తట్టలేదు. పదేళ్ళుగా వేడి గ్యారేజీ బళ్ళు తోలుతున్నావు. కర్రలతో నీకు పని లేదు. నీకు స్నోమొబైల్ నేర్పినప్పుడు మీ మావయ్య మొదట చేతికిచ్చింది ఏమిట్రా?"

లెమెత్ లేచాడు. "నాకు ట్రిప్పుంది. ఈ కట్టుకథలు మీరు మీరు చెప్పుకోండి."

రౌతియో అడ్డం వెళ్ళబోయాడు. సమ్మోల్ చెయ్యి చాపి ఆపాడు.

"వెళ్ళనివ్వండి."

తలుపు మూసుకుంది. బయట ఇంజిన్ స్టార్టయింది. మోత పెరిగింది. ఇంకా పెరిగింది. బండి కదల్లేదు. కిటికీ లోంచి అందరూ చూశారు. లెమెత్ దిగి వెనక భాగం పట్టుకుని లాగాడు. తన్నాడు. మళ్ళీ ఎక్కాడు. ఇంజిన్ గోల పెట్టింది. కింద కర్రలు లేక, వేడి ట్రాక్ కరిగించిన మంచు గంటలో గడ్డకట్టి దాన్ని నేలకి కరిపించేసింది.

ఇంజిన్ ఆగింది. 2:04.

సమ్మోల్ గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. లెమెత్ బండి మీదే కూర్చుని ఉన్నాడు. హెల్మెట్ ఒళ్ళో ఉంది.

"శవాన్ని తీసెయ్యాలని వెళ్ళా. ముసలోడి శవాన్ని," అన్నాడు లెమెత్. "మావయ్య అప్పటికే అక్కడున్నాడు. చెవులు కోసేశాడు. సంఘంలో బల్ల మీద పెడతా అన్నాడు. ఉద్యోగం పోతుంది, వదిలెయ్ మావయ్యా అని కాళ్ళు పట్టుకున్నా. వినలేదు. నేను ముసలోణ్ణి స్లెడ్‌లోకి ఎక్కించా. మావయ్య దాని కొమ్ములు పట్టుకుని వదల్లేదు. నేను బండి లాగించా. స్లెడ్ తిరిగి తుంటికి తగిలింది. కావాలని కాదు బాబాయ్."

"తర్వాత?"

"మనుషుల్ని తీసుకొస్తా అని చెప్పా."

"ఎన్నింటికి?"

"3:20."

"ఎవరికి చెప్పావు?"

లెమెత్ ఒళ్ళో హెల్మెట్‌ని అటూ ఇటూ తిప్పాడు.

"ఏడున్నర దాకా బతికే ఉన్నాడు. నాలుగు గంటలు. నువ్వు చెప్పిన మాట నమ్మి ఎదురు చూశాడు. ఆ రెయిన్‌డీర్‌ని ఏం చేశావు?"

"ఏటి మడుగులో వేశా. అక్కడ నీళ్ళు గడ్డకట్టవు."

"గంట?"

లెమెత్ కోటు జిప్పు తీశాడు. లోపలి నుంచి ఇత్తడి గంట తీశాడు. మోగకుండా లోపల ఎండుగడ్డి కుక్కి ఉంది.

"ఇది పారెయ్యలేకపోయా," అన్నాడు. ఏడుస్తున్నాడు. "అత్త గంట. బిడ్డ మొదటి పన్ను చూసినవాళ్ళు రెయిన్‌డీర్ ఇవ్వాలంటారు కదా, నా మొదటి పన్ను చూసింది అత్తే. నాకు మొదటి రెయిన్‌డీర్ ఇచ్చింది అత్తే. దీన్ని నీళ్ళలో వెయ్యడానికి చేతులు రాలేదు."

సమ్మోల్ గంట తీసుకున్నాడు.

"గంటని వదల్లేకపోయావు. మనిషిని వదిలేశావు."

లెమెత్ చెయ్యి చాపాడు, ఎవరైనా పట్టుకుంటారేమోనని. సమ్మోల్ పట్టుకోలేదు. రౌతియో వచ్చి బేడీలు వేశాడు.

*

మూడింటి మీటింగుకి ఇస్కా వెళ్ళాడు. నిల్లాస్ గుర్తు రిజిస్టర్‌లో ఉంది. అలాగే ఉంటుంది. వెళ్ళే ముందు ఇస్కా గుమ్మంలో ఆగి ఎల్లెకి ఏదో చెప్పబోయాడు. ఆమె తలుపు మూసేసింది. రెండు రోజులు ఆయన నిల్లాస్ దొంగ అని ఊరంతా చెప్పాడు. ఒక పూటలో వెనక్కి తీసుకోలేడు.

వంటింట్లో సమ్మోల్, ఎల్లె మిగిలారు. చెవులూ గంటా బల్ల మీద ఉన్నాయి.

"ఏడున్నర దాకా అన్నావు," అంది ఎల్లె.

"ఆఁ."

"నేను 7:20కి చేశా."

అబద్ధం చెప్పొచ్చు. సమ్మోల్ చెప్పలేదు. "ఆఁ," అన్నాడు.

ఎల్లె కుర్చీలో కూర్చుంది. "నొప్పితో అరిచి ఉంటాడా బాబాయ్?"

"తెలీదమ్మా. ఒకటి తెలుసు. బండి దాకా పాకాడు. ఎక్కలేకపోయాడు. అప్పుడు కోటు విప్పాడు."

"చలిలోనా?"

"కోటు, చొక్కా విప్పి చెవుల్ని ఒంటికి ఆనించుకున్నాడు. మళ్ళీ గుండీలన్నీ పెట్టుకున్నాడు. ఒక చేతికి గ్లవ్ లేదు, ఆ వేళ్ళతోనే. సాక్ష్యం దాచడానికైతే జేబు చాలు. గడ్డకట్టకూడదని. రిస్తిన్ కోసినవి కదా."

ఎల్లె రుమాలు మడిచింది. "నాన్నతో పాటు పెడతా. ఎక్కడ ఉన్నాయో అక్కడే."

గంట తీసుకుని బయటికి వెళ్ళింది. సమ్మోల్ వెనక వెళ్ళాడు. లెమెత్ బండి గుమ్మం ముందు నేలకి కరుచుకుని అలాగే ఉంది. ఎల్లె గంటలోంచి గడ్డి లాగేసింది. పోచ పోచా తీసింది. గంట ఒకసారి కదిలి మోగింది.

దూరంగా కంచె దగ్గర మంద తలలెత్తింది.

ఒకటి నడిచింది. తర్వాత అన్నీ. చూలు పొట్టలతో మెల్లగా, మంచు తొక్కుకుంటూ, గంట మోగిన వైపుకి వచ్చాయి. పెరటి దగ్గర ఆగాయి. ఎల్లె ముఖం చూశాయి. ఆమె వెనక గుమ్మం వైపు చూశాయి.

ఎంతసేపటికీ కదల్లేదు. ముందు నడిచేది ఇంకా వస్తుందనుకుంటున్నాయి.